తాళంచెవి బిళ్ల ఎవరిది?

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ నగరానికి చేరువలో నేస్ అనే ఎస్టేటు ఉంది. 1870లలో అక్కడ ఒట్టో సాలమన్ అనే విద్యావేత్త బడిపిల్లలకు చెక్కపని నేర్పడానికి ఒక వస్తువుల వరస సిద్ధం చేయడం మొదలుపెట్టాడు. సులువైన వాటితో మొదలై గిన్నెలు, బల్లల దాకా సాగే ఆ వరసలో, పూలమొక్కకు ఆనించే పుల్ల, ఉత్తరాలు తెరిచే కత్తి లాంటి తొలినాటి వస్తువుల సరసనే తాళంచెవికి కట్టుకునే చిన్న చెక్కబిళ్ల కూడా ఉంది. ఇవాళ వేసవి శిబిరాల్లో పిల్లల చేత చేయిస్తున్న చెక్క కీచైన్‌కు ఇంతకంటే దగ్గరి పూర్వరూపాన్ని చూపించడం కష్టం. ఆ బిళ్ల చరిత్ర వెంట నడిస్తే కర్రల గురించీ కత్తుల గురించీ చాలానే తెలుస్తుంది. కానీ అడుగడుగునా అడ్డుపడే ప్రశ్న వేరే ఉంది. పిల్లవాడు చేసిన వస్తువు ఎవరి సొత్తు? నూటయాభై ఏళ్ల అనుభవం చూస్తే, ఆ వస్తువు పిల్లవాడికే మిగిలిన చోట చేతిపని చదువుగా నిలబడింది. దాని అమ్మకం మీద పంతులు జీతం ఆధారపడిన చోట, దాని పేరున తండ్రి కులవృత్తి కొడుకు మెడకు చుట్టుకున్న చోట, అటు చదువూ నిలవలేదు, ఇటు పనీ నిలవలేదు. ఈ మాటకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివి కూడా.

మొదటి అభ్యంతరం వెంటనే వచ్చేదే. స్వీడన్ సంపన్న దేశం, పిల్లలు సరదాకు చెక్కుకున్నా అక్కడ చెల్లుతుంది, పేద దేశాలకు ఆ సుఖం ఎక్కడిది అంటారు. ఇది నేటి స్వీడన్‌ను చూసి అనే మాట. సాలమన్‌కు దారి చూపినవాడు ఫిన్లాండ్‌కు చెందిన ఉనో సిగ్నేయస్. యవ్వనంలో అలాస్కాలోని సిట్కా దాకా వెళ్లి పాదిరీగా పనిచేసి వచ్చిన మనిషి. 1863లో యివాస్‌క్యులాలో ఉపాధ్యాయ శిక్షణాలయం మొదలైతే దాన్ని ఆయనే నడిపాడు. 1866లో వచ్చిన ఫిన్లాండ్ ప్రజాపాఠశాలల శాసనం పల్లెబడుల్లో మగపిల్లలకు చేతిపనిని తప్పనిసరి చేసింది. ఆ సంవత్సరాన్ని గమనించాలి. 1866 నుంచి 1868 దాకా ఫిన్లాండ్‌ను పట్టి పీడించిన కరువులో జనాభాలో దాదాపు 8 శాతం చచ్చిపోయారు. స్వీడన్‌లోనూ 1867-68లో పంటలు పోయాయి, లక్షల మంది పొట్ట చేతపట్టుకుని అమెరికా ఓడలెక్కారు. తిండి లేని కాలంలోనే ఆ దేశాలు ఈ పాఠాన్ని బడిలోకి తెచ్చాయి. అయినా పిల్లలు చేసింది సంతలో అమ్మి బడి ఖర్చు వెళ్లదీద్దామని సిగ్నేయస్ అనలేదు. వృత్తి నేర్పడం ఆయన ఉద్దేశం కానే కాదు. కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం చదువులో భాగమన్నదే ఆయన పట్టు.

1868లో నేస్ ఎస్టేటును కొన్నవాడు ఆగస్ట్ అబ్రహాంసన్ అనే వర్తకుడు, సాలమన్‌కు మేనమామ. 1872లో అక్కడ మగపిల్లలకూ, 1874లో ఆడపిల్లలకూ పనిబడులు తెరిచారు. ఫ్యాక్టరీ సరుకు ఊళ్లకు చేరి, చలికాలపు రాత్రుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకునే పనులు అంతరించిపోతున్నాయన్న బెంగ ఈ బడుల వెనక ఉంది. మొదట్లో వాళ్ల ఆలోచన కూడా ఉపాధి చుట్టూనే తిరిగింది. 1877లో సాలమన్ ఫిన్లాండ్ వెళ్లి సిగ్నేయస్‌ను కలిశాకే అది మలుపు తిరిగింది. ఆ తర్వాత సాలమన్ పెట్టుకున్న నియమాలు తేటగా ఉంటాయి. వస్తువు ఇంట్లో పనికొచ్చేదై ఉండాలి, అలంకారానికి కాదు. మొదటి నుంచి చివరిదాకా పిల్లవాడే చేయాలి, పంతులు చెయ్యి పెట్టకూడదు. ఎవరి వేగం వాళ్లది. పూర్తయ్యాక అది చేసినవాడి సొంతం. స్లాయ్డ్ అనే పేరుతో ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది, నేస్‌కు నలభై దేశాల దాకా ఉపాధ్యాయులు వచ్చి నేర్చుకు వెళ్లారు. 1898లో అబ్రహాంసన్ చనిపోతూ ఎస్టేటును స్వీడన్ ప్రభుత్వానికి రాసిచ్చాడు.

తాళంచెవి బిళ్ల వరసలో ముందే ఎందుకు వచ్చిందో దాన్ని చేసి చూస్తే తెలుస్తుంది. పెన్సిలు మందాన ఉన్న చిన్న బద్ద తీసుకుని మూలమట్టంతో గీతలు గీయాలి. రంపంతో గీతకు అవతలి పక్కన కోయాలి, గీత మీద కోస్తే కొలత తగ్గిపోతుంది. కన్నం ముందు వేసి అంచులు తర్వాత గుండ్రం చేయాలి. చివర సన్నబడ్డాక బర్మా పెడితే బద్ద నిలువునా చీలుతుంది. కన్నం వేసేటప్పుడు అడుగున వేస్టు చెక్క పెట్టకపోతే వెనకవైపు పెచ్చు లేస్తుంది. అంచులు కత్తితో చెక్కేటప్పుడు నార ఎటు వాలి ఉందో చూసుకోవాలి. నారకు ఎదురెళ్తే కత్తి చెప్పిన మాట వినదు, చెక్క లోతుగా ఊడి వస్తుంది. చివర్లో ఉప్పుకాగితం. ఇంత చిన్న ముక్కలో కొలత, క్రమం, పదార్థపు స్వభావం మూడూ ఇమిడి ఉన్నాయి. తప్పు జరిగితే పోయేది ఒక బద్ద మాత్రమే, కాబట్టి పంతులు ఊరుకుని చూడగలడు. అదే కాలంలో మాస్కో ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్‌లో విక్టర్ డెల్లా వోస్ వేరే దారి పట్టాడు. అక్కడి విద్యార్థులు వస్తువులు చేయరు, అతుకులు చేస్తారు. ఒక అతుకు, దాని తర్వాత ఇంకో అతుకు, మార్కులు వేశాక పక్కన పడేయడమే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ పద్ధతిని చూసి అమెరికన్లు ముచ్చటపడ్డారు. ఇంజనీర్లను తయారు చేయడానికి అది బాగానే ఉండొచ్చు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి మాత్రం, తాను చేసిన బిళ్లను అమ్మ తాళంచెవికి కట్టడంలో ఉన్న అర్థం పారేసే అతుకులో దొరకదు.

సాలమన్‌ను నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. అందరూ అవే వస్తువులు, అదే వరసలో, అవే కొలతలకు చేయాలన్న పట్టుదలలో పిల్లవాడి ఊహకు చోటు తక్కువ. ఆడపిల్లలకు సూదీదారం, మగపిల్లలకు కత్తీ రంపం అన్న విభజన ఆ బడులనూ వదల్లేదు. క్రమశిక్షణ, శుభ్రత, శ్రమ మీద గౌరవం అంటూ ఆయన చెప్పిన ప్రయోజనాల జాబితాలో, కూలివాళ్లు బుద్ధిగా ఉంటే చాలుననుకునే ఎస్టేటు యజమానుల గొంతు కూడా వినిపిస్తుంది. అయినా ఈ లోపాలేవీ పద్ధతిని కూల్చలేదు. స్వీడన్ బడుల్లో చేతిపని నేటికీ తప్పనిసరి పాఠమే. సొంతమన్న నియమం దెబ్బతినకపోవడమే అందుకు ముఖ్య కారణమని నేను అనుకుంటాను. పద్ధతిలో ఎన్ని దిద్దుబాట్లు చేసుకున్నా, ఆ వస్తువు మీద ఇంకెవరి లెక్కా పడలేదు.

మన దేశంలో కథ అలా నడవలేదు. విశ్వభారతి నుంచి లక్ష్మీశ్వర్ సిన్హా అనే అధ్యాపకుడు 1920ల చివర స్వీడన్ వెళ్లి స్లాయ్డ్ నేర్చుకొచ్చాడు కానీ అది శాంతినికేతనం పరిసరాలు దాటి పెద్దగా రాలేదు. దేశమంతా చర్చించింది 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధా సభలో గాంధీ పెట్టిన పథకాన్ని. ఏడు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువంతా ఒక చేతిపని చుట్టూ అల్లాలి. పిల్లల ఉత్పత్తి అమ్మకంతో బడి తన ఖర్చు తానే భరించుకోవాలి. ఈ రెండో సగాన్ని గాంధీ పీనాసితనంగా చూసేవాళ్లున్నారు. అది అన్యాయం. అప్పుడే ప్రాంతీయ ప్రభుత్వాలు కాంగ్రెస్ చేతికి వచ్చాయి. కాంగ్రెస్ మాటిచ్చింది మద్యనిషేధం, బడులకు డబ్బు వచ్చేదేమో కల్లు, సారా పన్నుల్లోంచి. మద్రాసు రాష్ట్రంలో 1937 అక్టోబరులోనే సేలం జిల్లాలో నిషేధం మొదలై, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. తండ్రి తాగితేనే కొడుక్కి చదువు అనే ఈ ఏర్పాటు గాంధీకి సిగ్గుచేటుగా తోచింది. దాని నుంచి బయటపడే దారిగా ఆయన పిల్లల చేతులను చూశాడు. ప్రశ్న సరైనదే. దానికి పిల్లల చేతులు జవాబు కావడమే చిక్కు.

ఆ చిక్కును మొదట గుర్తించింది విమర్శకులే కాదు, పథకాన్ని తీర్చిదిద్దినవాళ్లు కూడా. వార్ధా సభలోనే ఆర్థికవేత్త కె.టి.షా, పిల్లలు తయారుచేసిన సరుకు బజారుకొస్తే చేతివృత్తులవాళ్ల నోట్లో మట్టి పడుతుందని అభ్యంతరం చెప్పాడు. పాఠ్యక్రమం రాసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, హైదరాబాదులో పుట్టి, బెర్లిన్‌లో డాక్టరేటు చేసి, జామియా మిలియాను నడుపుతున్నవాడు. ఆర్థిక లాభం మీద ఒత్తిడి పెరిగితే చదువు వెనకబడే ప్రమాదం ఉందని ఆయన సంఘమే తన నివేదికలో హెచ్చరించింది. అదే నివేదిక రోజుకు ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించింది. మాతృభాషకు దక్కింది 40 నిమిషాలు. వడ్రంగం, నూలు వడకడం, వ్యవసాయం ఏదైనా సరే, అంతసేపు ఒకే పని చేసే పిల్లవాడి దగ్గర పంతులు దేన్ని లెక్కపెడతాడు? వాడు నేర్చుకున్నదాన్ని కొలవడం కష్టం, వాడు వడికిన నూలును కొలవడం తేలిక. 1944లో వచ్చిన సార్జెంట్ నివేదిక చేతిపని ద్వారా చదువన్న సూత్రాన్ని ఒప్పుకుంది. చిన్న తరగతుల పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో చదువు ఖర్చు రాబట్టడం మాత్రం కుదరదనీ, మహా అయితే అదనపు సామాను ఖర్చు రావచ్చనీ తేల్చింది. వలస ప్రభుత్వపు నివేదిక కదా అని కొట్టిపారేయవచ్చు. కానీ స్వతంత్రం వచ్చాక వార్ధా పద్ధతిలో బేసిక్ బడులను నడిపిన మన ప్రభుత్వాలు కూడా పిల్లల సరుకుతో జీతాలు ఇచ్చింది లేదు. అమ్మకపు లెక్క వదిలాక మిగిలిన చేతిపనిని ఎలా నడపాలో ఎవరూ కొత్తగా ఆలోచించలేదు. అది టైంటేబుల్లో ఒక గడిగా మిగిలింది.

ఇక్కడ రెండో అభ్యంతరం ఎదురవుతుంది, ఇదే నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. బడులూ నివేదికలూ లేకుండానే మన పల్లెల్లో పిల్లలు ఇంతకంటే బాగా నేర్చుకున్నారు కదా? అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకనే తీసుకోండి. అంకుడు కర్రను తరిమెన మీద ఎక్కించి, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో అదిమితే పరుచుకుని మెరుస్తుంది. ఎంత ఒత్తాలి అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూసినవాళ్ల వేళ్లకే తెలుస్తుంది. సి.వి.రాజు లాంటివాళ్ల పూనికతో ఆకులు, వేళ్లు, గింజల నుంచి తీసిన రంగులు మళ్లీ వాడకంలోకి వచ్చాయి, 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడక్కడ బొమ్మలతో పాటు కీచైన్లు కూడా దండిగా తయారవుతాయి. ఆ నైపుణ్యం ముందు నేస్ పిల్లవాడి బిళ్ల వెలతెలబోతుంది. నిజమే. కానీ ఈ పోలికలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఇంటి తరిమెన దగ్గర పిల్లవాడు నేర్చుకునేది ఒక వృత్తి. అది బజారు ఉన్నన్నాళ్లు అన్నం పెడుతుంది, బజారు పోతే చేతిలో నైపుణ్యం ఉండీ పస్తు పెడుతుంది. వాడు చేసింది మొదటి రోజు నుంచీ ఇంటి సరుకే.

చట్టం కూడా ఈ తేడా దగ్గర తడబడింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని నిషేధం విస్తరించారు. బడి అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబం చేసే పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. సంప్రదాయ నైపుణ్యాలు తరం నుంచి తరానికి అందాలన్నది చెప్పిన కారణం. ఫలితం చూడండి. ఊళ్లో పిల్లవాడు సాయంత్రం ఇంట్లో కీచైన్ చేస్తే అది కుటుంబానికి సాయం. నగరంలో అదే వయసు పిల్లవాడు అదే కీచైన్ చేయడానికి వాళ్ల నాన్న శిబిరానికి ఫీజు కడతాడు, అది సృజనాత్మకత. మొదటివాడి కీచైన్ షోకేసుకు పోతుంది, రెండోవాడిది వాడి స్కూలు బ్యాగుకు వేలాడుతుంది.

వృత్తినీ చదువునూ కలిపేస్తే ఏమవుతుందో 1953లో తేలింది. మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యాపథకాన్ని మార్చారు. ఆ ఏడాది అక్టోబరు 1 దాకా తెలుగు జిల్లాలూ ఆ రాష్ట్రంలోవే. పల్లెబడి రోజుకు మూడు గంటలు, షిఫ్టుల్లో. మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల దగ్గర వాళ్ల పని నేర్చుకోవాలి. ఉన్న పంతుళ్లతో, ఉన్న గదులతో రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చన్నది లెక్క. లెక్కగా అందులో తప్పు పట్టలేం. కానీ మంగలి కొడుకు మంగలి పనే, చాకలి కూతురు చాకలి పనే నేర్చుకోవాలనే అర్థం జనానికి అందులో వెంటనే కనిపించింది. కులవిద్యా పథకమంటూ పెరియార్, ద్రవిడ పార్టీలు చేసిన ఆందోళనకు సొంత పార్టీలోనే అసమ్మతి తోడై 1954లో రాజాజీ దిగిపోయారు. తర్వాత వచ్చిన కామరాజ్ పథకాన్ని రద్దు చేశారు. రాజాజీని గాంధీ శిష్యుడిగా చూసి, ఇది వార్ధా పథకానికి కొనసాగింపే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వార్ధాలో బ్రాహ్మడి పిల్లవాడు కూడా ఉలి పట్టాలి. మద్రాసులో ఉలి వడ్రంగి పిల్లవాడికే మిగులుతుంది. ఆ రెంటినీ ఒకే గాట కట్టడం వల్ల తర్వాతి తరాల్లో బడిలో చేతిపని అనగానే కింది కులాల తల్లిదండ్రులకు అనుమానం పుట్టింది. ఆ అనుమానం సహేతుకమైనది. కంచ ఐలయ్య 2007లో శ్రమ గౌరవం గురించి పిల్లల కోసం పుస్తకం రాయాల్సి వచ్చిందంటే, అన్ని కులాల పిల్లలకూ అన్ని పనుల విలువ చెప్పే బాధ్యతను మన పాఠ్యపుస్తకాలు అప్పటికీ తీసుకోలేదనే కదా.

తర్వాతి పథకాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే వాటిలో పేర్లు మారినంతగా పని మారలేదు. కొఠారి కమిషన్ 1966లో పని అనుభవం అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక శ్రమ అంది. ఉత్పాదక అనే మాట మళ్లీ రావడం గమనించదగ్గది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలంది. ఇందులో అమ్మకపు లెక్క లేదు, వారసత్వపు లెక్క లేదు, అది మెచ్చుకోదగ్గది. పది రోజుల్లో వృత్తి రాదు కదా అనే అభ్యంతరం నాకు అభ్యంతరంగా అనిపించదు. తాళంచెవి బిళ్ల రావడానికి పది రోజులు ఎక్కువే.

ఇంకో సంగతి మాత్రం తేలాల్సి ఉంది, ఇక్కడ నేను సాలమన్‌తో విభేదిస్తాను. చెక్కపని నేర్పాల్సింది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడే తప్ప పనివాడు కాదని ఆయన గట్టిగా నమ్మాడు. పనివాడి చూపు వస్తువు మీద ఉంటుంది, గురువు చూపు పిల్లవాడి మీద ఉంటుందని ఆయన తర్కం. వడ్రంగికీ పంతులుకూ మధ్య కులం అడ్డుగోడ లేని దేశంలో ఆ తర్కం చెల్లింది. ఇక్కడ అదే నియమం పెడితే, తరతరాలుగా ఉలి పట్టిన మనిషి బడి గేటు బయటే ఉండిపోతాడు, ఆయన పని మాత్రం డిగ్రీ ఉన్న ఇంకొకరి ద్వారా లోపలికి వస్తుంది. పిల్లవాడు వస్తువును గౌరవిస్తాడేమో కానీ దాన్ని చేసే మనిషిని గౌరవించడం నేర్చుకోడు. పిల్లలకు చెప్పే ఒడుపు ఆయనకు లేకపోతే దానికి శిక్షణ ఇవ్వాలి, సాలమన్ తన ఉపాధ్యాయులకు ఇచ్చినట్టే. సంచి లేని రోజుల్లో వచ్చే వడ్రంగిని అతిథి అని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేయకుండా, గంటకు లెక్కల మాస్టారికి ఎంతో ఆయనకూ అంతే ఇవ్వాలి. స్టాఫ్ రూములో కుర్చీ వేయాలి, చెక్కకూ పనిముట్లకూ వేరే పద్దు కింద డబ్బు కేటాయించాలి. పద్దు లేకపోతే నెల తిరక్కుండానే ఏదో ఒక బడిలో పిల్లలు చేసిన బిళ్లలను వార్షికోత్సవంలో స్టాలు పెట్టి అమ్ముతారు, చెక్క ఖర్చు రాబట్టుకోవడానికి.